ఖలీఫా అడిగిన ఒక్క ప్రశ్న: బాగ్దాద్ పండితుల మిహ్నా

క్రీ.శ. 833. బాగ్దాద్ గవర్నర్ ఇస్‌హాఖ్ ఇబ్న్ ఇబ్రాహీం ఎదుట నగరంలో పేరున్న ఖాజీలు, హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) పండితులు ఇరవై మందికి పైగా కూర్చుని ఉన్నారు. ఖలీఫా అల్-మామూన్ ఆ సమయంలో బైజాంటియం సామ్రాజ్యపు సరిహద్దులో యుద్ధానికి వెళ్లాడు. అక్కణ్నుంచి ఆయన పంపిన ఉత్తరాన్ని అందరికీ అర్థమయ్యేలా రెండుసార్లు చదివి వినిపించారు. ఆ తర్వాత విచారణ మొదలైంది. మొదటి వంతు ఖాజీ బిష్ర్ ఇబ్న్ అల్-వలీద్‌ది.

"ఖురాన్ గురించి మీరేమంటారు?"

"ఖురాన్ అల్లాహ్ వాక్కు."

"నేనడిగింది అది కాదు. అది సృష్టి అయినదా?"

"అల్లాహ్ అన్ని వస్తువులకూ సృష్టికర్త."

"ఖురాన్ వస్తువేనా?"

"వస్తువే."

"అయితే సృష్టి అయినదే కదా?"

"అది సృష్టికర్త కాదు."

"నేనడిగింది అది కాదు. సృష్టి అయినదా, కాదా?"

"ఇప్పుడు చెప్పినదానికంటే బాగా నేను చెప్పలేను."

ఇబ్న్ అల్-బక్కా అనే ఇంకో పండితుడి జవాబు మరీ విచిత్రంగా ఉంటుంది. ఖురాన్ "చేయబడినది" అని ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఆ మాట ఖురాన్‌లోనే ఉంది. చేసినదంటే సృష్టించినదే కదా అని గవర్నర్ అడిగితే అవునన్నాడు. "అయితే ఖురాన్ సృష్టేనా?" అంటే మాత్రం, "సృష్టి అని నేననను, చేసినది అంటాను" అన్నాడు.

చదువుతుంటే నవ్వు రావచ్చు. కానీ ఆ గదిలో ఎవరూ నవ్వి ఉండరు. ఆ జవాబు మీద ఉద్యోగం, కోర్టులో సాక్ష్యం చెప్పే అర్హత, కాస్త ఆలస్యంగా ప్రాణం కూడా ఆధారపడి ఉన్నాయి. అబద్ధం చెప్పలేకా, చావడానికి సిద్ధపడలేకా నలిగిపోతున్న మనుషుల మాటలవి.

అహ్మద్ ఇబ్న్ హంబల్ వంతు వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఖురాన్ అల్లాహ్ వాక్కు అన్నాడు. సృష్టి అయినదా అని అడిగితే, "అల్లాహ్ వాక్కు. అంతకుమించి ఒక్క మాట కలపను" అన్నాడు.

ఇస్లామిక్ చరిత్రలో ఈ ఘట్టానికి మిహ్నా అని పేరు. పరీక్ష అని అర్థం. దీన్ని మామూలుగా రెండు రకాలుగా చెబుతారు. హేతువాది అయిన ఖలీఫాకూ ఛాందస పండితులకూ మధ్య జరిగిన పోరాటమని కొందరంటారు. దారి తప్పిన ప్రభుత్వానికి ఎదురు నిలిచిన ధర్మాత్ముడి కథ అని మరికొందరు. నాకు రెండూ సరిపోయినట్టు అనిపించవు. ఖురాన్ ఎటువంటిదన్న చర్చ నిజమైనదే, లోతైనదే. అయితే దాని అడుగున ఇంకో తగాదా ఉంది. మతం ఏం చెబుతోందో తేల్చి చెప్పే హక్కు ఎవరిది, సింహాసనం మీద కూర్చున్నవాడిదా, చదువుకున్నవాడిదా? మిహ్నాలో అసలు తేలింది అది.

ముందు తత్వం సంగతి చూద్దాం. తెలుగువాళ్లకు ఇది అంత కొత్తదేం కాదు. వేదం అపౌరుషేయం, శబ్దం నిత్యం అని మీమాంసకులు అన్నారు. శబ్దం అనిత్యం, ఎందుకంటే అది కృతకం, అంటే పుట్టించినది అని నైయాయికులు వాదించారు. వాళ్ల దృష్టిలో వేదానికి కర్త ఈశ్వరుడు. బాగ్దాద్ వాదం సరిగ్గా ఇదే కాదు కానీ దానికి దగ్గరి చుట్టం. "కృతకం" అన్నచోట అరబీలో వాడిన మాట మఖ్లూఖ్. హైదరాబాద్ ఉర్దూలో జీవరాశిని, జనాన్ని మఖ్లూఖ్ అంటారే, అదే.

ఖురాన్ మఖ్లూఖ్ అని గట్టిగా వాదించినవాళ్లలో ముతజిలా ఆలోచనాపరులు ముఖ్యులు. బస్రాలో ఎనిమిదో శతాబ్దంలో మొదలైన ధోరణి అది. వాళ్లు తమను తాము న్యాయానికి, ఏకత్వానికి కట్టుబడినవాళ్లుగా చెప్పుకునేవారు. దేవుడు ఒక్కడే అయితే అనాది అనదగినది కూడా ఒక్కటే ఉండాలి. ఖురాన్ కూడా అనాది అంటే దేవుడి పక్కన ఇంకో అనాదిని కూర్చోబెట్టినట్టే, అది ఏకత్వానికే ఎసరు. మామూన్ తన ఉత్తరంలో ఇంకా ముందుకు వెళ్లాడు: ఏసు దేవుడి వాక్కు కాబట్టి సృష్టి కాదని క్రైస్తవులు అన్నట్టే మీరూ అంటున్నారన్నాడు. ఆధారానికి ఖురాన్ 43వ సూరా (అధ్యాయం) 3వ ఆయత్ (వాక్యం) చూపించారు: "మేము దీన్ని అరబీ ఖురాన్‌గా చేశాము." చేశాము అంటే సృష్టించామనే కదా?

అవతలి పక్షం జవాబూ తేలికైనదేం కాదు. 7వ సూరా 54వ ఆయత్ "సృష్టీ, ఆజ్ఞా ఆయనవే" అంటుంది. ఆజ్ఞ సృష్టిలో భాగమే అయితే రెంటినీ విడిగా చెప్పడమెందుకు? ఇబ్న్ హంబల్ అడిగిన ప్రశ్న ఇంకా సూటిగా ఉంటుంది. ఖురాన్ దేవుడి జ్ఞానం నుంచి వచ్చింది. దేవుడి జ్ఞానం కూడా సృష్టేనా? అవునంటే, దాన్ని సృష్టించక ముందు దేవుడు జ్ఞానం లేకుండా ఉన్నాడనాలి. ఆ మాట ముతజిలా కూడా అనలేరు.

తర్వాతి తరాల్లో అల్-అష్అరీ (మరణం 936) మధ్యదారి చూపించాడు. దేవుడి వాక్కు ఆయనలో ఉండే నిత్య గుణమనీ, మనం పలికే ధ్వని, కాగితం మీద సిరా మాత్రం పుట్టినవనీ ఆయన విడదీశాడు. ఆయన కూడా మొదట ముతజిలాలో పెరిగినవాడే, మధ్యవయసులో బయటికొచ్చాడు. కానీ 833లో అంత నిదానంగా ఆలోచించే వీలు ఎవరికీ ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదు? ఇక్కణ్నుంచి తత్వాన్ని పక్కన పెట్టి మామూన్ జీవితాన్ని చూడాలి.

హారూన్ అల్-రషీద్ కొడుకుల్లో అమీన్‌కు బాగ్దాద్, మామూన్‌కు తూర్పున ఖురాసాన్ అని ముందే పంపకం జరిగింది. 802లో ఆ ఒప్పందాన్ని మక్కాలో కాబా దగ్గర వేలాడదీశారు కూడా. తండ్రి 809లో పోయాక అది నిలవలేదు. మామూన్ సేనాని తాహిర్ ఏడాదికి పైగా బాగ్దాద్‌ను ముట్టడించాడు. 813లో అమీన్‌ను చంపేశారు. తమ్ముడిని చంపించి గద్దెనెక్కినవాడిని బాగ్దాద్ జనం అంత తొందరగా తమవాడనుకోలేదు. 817లో మామూన్ దూరాన ఖురాసాన్‌లోని మర్వ్‌లో కూర్చునే, ప్రవక్త వంశీకుడూ షియాల ఎనిమిదో ఇమామూ అయిన అలీ అల్-రిజాను తన వారసుడిగా ప్రకటించాడు. తన వంశం అబ్బాసీల నల్ల రంగు తీసేసి ఆకుపచ్చ కట్టమన్నాడు. బాగ్దాద్ తిరగబడింది, మామూన్ బాబాయి ఇబ్రాహీమ్‌ను ఖలీఫాగా నిలబెట్టింది. మరుసటి ఏడు అలీ అల్-రిజా కన్నుమూశాడు. 819లో మామూన్ రాజధానిలో అడుగుపెట్టాడు, కొద్ది రోజులకే నలుపు మళ్లీ వచ్చింది.

ఆ మధ్యకాలంలో నగరంలో ఏం జరిగిందన్నది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. పోలీసులు లేరు, ముఠాలు వీధుల మీద పడ్డాయి. అప్పుడు సహల్ ఇబ్న్ సలామా అనేవాడు మెడలో ఖురాన్ వేలాడదీసుకుని జనాన్ని కూడగట్టాడు. మంచిని ఆదేశించండి, చెడును ఆపండి అన్న ఖురాన్ మాటే అతని నినాదం. ఖురాన్‌కు, సున్నత్‌కు (ప్రవక్త నడిచిన దారికి) ఎదురు వచ్చినవాడు పాలకుడైనా సరే పోరాడతానన్నాడు. జనం అతని వెంట నడిచారు. అంటే దైవగ్రంథాన్ని చేతబట్టి ఖలీఫాతో పనిలేకుండా నడవవచ్చని బాగ్దాద్ ఒకసారి చేసి చూపించింది. మామూన్ అది మరిచిపోయి ఉంటాడని నేననుకోను.

ఈ తగాదాకు ఇంకా పాత మూలాలున్నాయి. ఖాజీలు ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా తీర్పులివ్వకుండా ఖలీఫాయే చట్టాన్ని ఒక్కటి చేయాలని ఇబ్న్ అల్-ముఖఫ్ఫా అనే లేఖకుడు 750ల్లోనే ఖలీఫా మన్సూర్‌కు సలహా రాశాడు. అది జరగలేదు. చట్టం పండితుల చేతుల్లోనే పెరిగింది. అబూ హనీఫా ఖాజీ పదవి వద్దన్నందుకు జైలుపాలై 767లో బాగ్దాద్‌లో చనిపోయాడని సంప్రదాయం చెబుతుంది. మదీనాలో మాలిక్ ఇబ్న్ అనస్ కొరడా దెబ్బలు తిన్నాడు. ఇవాళ హైదరాబాద్ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు, బార్కస్‌లో స్థిరపడిన యెమెన్ అరబ్బులు షాఫయీలు. ఆ పేర్లు ఖలీఫాలవి కావు, పండితులవి. సున్నీల నాలుగు న్యాయ మార్గాల్లో చివరిది ఇబ్న్ హంబల్ పేరు మీదిది, దాన్ని అనుసరించేవాళ్లు హంబలీలు.

కాబట్టి మామూన్ ఉత్తరాన్ని ఈ వెలుగులో చదవాలి. మతాన్ని కాపాడే బాధ్యతను దేవుడు ఇమాములకు, ఖలీఫాలకు అప్పగించాడనీ, ప్రవక్త వారసత్వం వాళ్లదేననీ అది మొదలుపెడుతుంది. ఆ వెంటనే జ్ఞానపు వెలుగు లేని సామాన్య జనం మీద, వాళ్ల ముందు సున్నత్‌కు పెద్దదిక్కులుగా నిలబడే మనుషుల మీద విరుచుకుపడుతుంది. ఖురాన్ సృష్టి అనే మాటను మామూన్ 827లోనే బహిరంగంగా ప్రకటించాడు. ఆరేళ్లపాటు ఎవరినీ బలవంతపెట్టలేదు. చనిపోవడానికి నాలుగు నెలల ముందు బలవంతపెట్టాడు.

ఈ మామూన్ చిన్నవాడు కాదు. అల్-ఖ్వారిజ్మీ బీజగణితం ఆయన కాలంలోనే, ఆయన ప్రోత్సాహంతోనే వచ్చింది. గ్రీకు గ్రంథాలను అరబీలోకి తెప్పించాడు. భూమి చుట్టుకొలత తేల్చడానికి సింజార్ మైదానానికి ఖగోళవేత్తలను పంపాడు. అంతటివాడు ఒక నమ్మకాన్ని ఒప్పించడానికి సంకెళ్లు వాడాడంటే నాకు బాధగా ఉంటుంది. తర్కాన్ని అంతగా ప్రేమించినవాడు దాని బలాన్ని నమ్మలేకపోయాడు.

ముందుగా ఏడుగురు పండితులను రఖ్ఖాలోని తన దగ్గరికే పిలిపించుకున్నాడు. అందులో చరిత్రకారుడు ఇబ్న్ సాద్, హదీసు విమర్శలో సాటిలేని యహ్యా ఇబ్న్ మయీన్ ఉన్నారు. ఏడుగురూ ఒప్పుకున్నారు. ఆ తర్వాతే బాగ్దాద్ విచారణ. వాళ్ల తప్పించుకునే జవాబులు చదివి ఖలీఫా మండిపడ్డాడు. ఒక్కొక్కరి పేరూ తీసి వడ్డీ తిన్నావనీ, ధాన్యం దొంగిలించావనీ పాత గుట్లు విప్పుతూ ఇంకో ఉత్తరం రాశాడు. బిష్ర్‌నూ, ఒకప్పుడు తనకు పోటీగా ఖలీఫా అయిన బాబాయి ఇబ్రాహీమ్‌నూ ఒప్పుకోకపోతే తల తీసేయమన్నాడు. దాంతో నలుగురు తప్ప అందరూ లొంగారు. నలుగురికీ సంకెళ్లు వేశారు. మర్నాడు ఒకరు, ఆ తర్వాతి రోజు ఇంకొకరు ఒప్పుకున్నారు. చివరికి మిగిలింది అహ్మద్ ఇబ్న్ హంబల్, యువకుడైన ముహమ్మద్ ఇబ్న్ నూహ్. ఇద్దరినీ ఒంటె మీద సరిహద్దు పట్టణం తర్సూస్‌కు పంపించారు.

వాళ్లు దారిలో ఉండగానే మామూన్ పోయాడు. చల్లని సెలయేటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఈ నీళ్లకు జోడీగా తాజా ఖర్జూరాలుంటే ఎంత బాగుండును అన్నాడట. అప్పుడే వచ్చిన టపా గుర్రాల మీద ఖర్జూరాలు దిగాయి. తిని, ఆ నీళ్లు తాగి, జ్వరపడి లేవలేదని చరిత్రకారుడు తబరీ రాశాడు. ఖైదీలను వెనక్కి తిప్పారు. ముహమ్మద్ ఇబ్న్ నూహ్ తిరుగు దారిలోనే చనిపోయాడు. ఇబ్న్ హంబల్ బాగ్దాద్ జైల్లో రెండేళ్లకు పైగా ఉన్నాడు.

తర్వాతి ఖలీఫా ముతసిం సిపాయి మనిషి, ఈ వాదాల మీద ఆసక్తి లేనివాడు. అన్న అప్పజెప్పిన పని కాబట్టి కొనసాగించాడు. వెనకుండి నడిపింది ప్రధాన ఖాజీ ఇబ్న్ అబీ దువాద్. మూడు రోజులు వాదన జరిగింది. ఇబ్న్ హంబల్ పట్టిన పట్టు ఒక్కటే: అల్లాహ్ గ్రంథంలోంచో ప్రవక్త సున్నత్‌లోంచో ఏదైనా చూపించండి, అదే అంటాను. ఈ వాక్యాన్ని మళ్లీ చదవండి. ఆయన చెప్పిన ఆధారాల జాబితాలో ఖలీఫా మాట లేదు. తిట్టలేదు, తిరగబడలేదు, గద్దె దిగమనలేదు. ఖలీఫాకు ఆ విషయంలో చోటే ఇవ్వలేదు.

కొరడాలు తెప్పించారు. ఒక్కొక్కడు వచ్చి రెండేసి దెబ్బలు కొట్టి పక్కకు తప్పుకోవడం, వెనక ఇంకొకడు రావడం. స్పృహ తప్పేదాకా కొట్టి ఇంటికి పంపేశారు. వీపు మీద చచ్చుబడిన కండను వైద్యుడు కోసి తీయాల్సొచ్చింది. ఆయన ఒప్పుకోలేదని హంబలీలు చెబుతారు. ఒప్పుకున్నాడని ముతజిలా పక్షపు గొప్ప రచయిత అల్-జాహిజ్ రాశాడు. ఆ తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే, జనం నమ్మింది హంబలీల మాటనే.

లొంగినవాళ్ల సంగతీ చెప్పాలి. ఇబ్న్ హంబల్ జబ్బుపడితే పాత మిత్రుడు యహ్యా ఇబ్న్ మయీన్ చూడడానికి వెళ్లాడు. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. యహ్యా తన తరఫున అమ్మార్ ఉదంతం ఎత్తాడు: ప్రవక్త సహచరుడు అమ్మార్ చిత్రహింసలు తట్టుకోలేక నోటితో విశ్వాసాన్ని కాదన్నా, మనసు నిలిచి ఉంటే తప్పు లేదని ఖురానే (16:106) చెప్పింది. యహ్యా లేచి వెళ్లిపోయాక ఇబ్న్ హంబల్ అన్నాడట, అమ్మార్‌ను కొట్టారు, వీళ్లతో కొడతామని మాత్రమే అన్నారని. కఠినమైన మాట. తాను దెబ్బలు తిన్నవాడు కాబట్టి అనగలిగాడు. నాకైతే గుమ్మం దిగి వెళ్లిపోతున్న యహ్యా మీద కూడా జాలి కలుగుతుంది. శాస్త్రం ఇచ్చిన వెసులుబాటునే ఆయన వాడుకున్నాడు.

మిహ్నా నడిపిన మూడో ఖలీఫా వాసిఖ్ కాలంలో (842-847) మిహ్నా ఇంకా బిగిసింది. న్యాయ పండితుడు షాఫయీ ప్రియశిష్యుడైన బువైతీని ఈజిప్టు నుంచి సంకెళ్లతో తెచ్చారు, 846లో బాగ్దాద్ జైల్లోనే చనిపోయాడు. "సృష్టి అయిన ఖురాన్‌కు ప్రభువైన అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడు" అని ఈజిప్టులోని ఫుస్తాత్ మసీదుల మీద రాయించారు. 845లో లామోస్ నది దగ్గర బైజాంటియంతో ఖైదీల మార్పిడి జరిగింది. శత్రువు చెరలోంచి విడుదలయ్యే ముస్లింలను కూడా నిలబెట్టి ఇదే ప్రశ్న అడిగారు. సృష్టి అన్నవాళ్లకే విడుదల, కాదన్నవాళ్లను అక్కడే వదిలేయమన్నారు.

ఆ తర్వాత అహ్మద్ ఇబ్న్ నస్ర్ అల్-ఖుజాయీ ఉదంతం జరిగింది. అబ్బాసీలను గద్దెనెక్కించిన కుటుంబాల్లో ఒకదానికి చెందినవాడు. 817 అల్లకల్లోలంలో నగరం తూర్పు వైపు జనం నమ్ముకున్న పెద్దమనిషి కూడా ఈయనే. 846లో ఈయన పేరు మీద తిరుగుబాటుకు ఏర్పాట్లు జరిగాయి. ఫలానా రాత్రి డోళ్లు మోగాలి అనుకుంటే, తాగిన మత్తులో కొందరు ఒక రాత్రి ముందే మోగించారు. దొరికిపోయారు. అప్పటి రాజధాని సమర్రాలో ఖలీఫా ముందు నిలబెట్టారు. వాసిఖ్ తిరుగుబాటు ఊసే ఎత్తలేదని తబరీ అంటాడు. ఎత్తింది ఖురాన్ ప్రశ్న. జవాబు విని, తానే కత్తి దూసి నరికాడు. తలను బాగ్దాద్‌లో, మొండాన్ని సమర్రాలో వేలాడదీశారు. రాజద్రోహానికి శిక్ష వేయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అయినా మతభ్రష్టుడిగానే చంపాల్సి వచ్చిందంటే, ఆ ప్రశ్న అప్పటికి దేనికి గుర్తుగా మారిందో తెలుస్తోంది. సృష్టి అంటే ఖలీఫా మనిషి, కాదంటే ఎదుటి మనిషి.

847లో గద్దెనెక్కిన ముతవక్కిల్ ఆ వాదాన్నే నిషేధించాడు. 851 నాటికి ఇబ్న్ అబీ దువాద్ కుటుంబాన్ని పదవుల్లోంచి తీసేసి, ఖుజాయీ తలనూ మొండాన్నీ కలిపి బంధువులకు అప్పగించాడు. అక్కడితో సహనం గెలిచిందనుకోవద్దు. ఇదే ముతవక్కిల్ కర్బలాలో ఇమామ్ హుసేన్ సమాధిని నేలమట్టం చేయించాడు, క్రైస్తవులూ యూదులూ వేరే రంగు బట్టలు కట్టాలన్నాడు. కొరడా చేతులు మారింది, అంతే.

ఇబ్న్ హంబల్‌ను మాత్రం సమర్రాకు పిలిపించి ఇల్లిచ్చాడు, భోజనాలు పంపాడు, డబ్బు పంపాడు. కొరడాకన్నా ఇదే ఆయనను ఎక్కువ బాధపెట్టిందని నాకనిపిస్తుంది. ఆ భోజనం ముట్టలేదు. కొడుకులు ఖలీఫా దగ్గర జీతం పుచ్చుకున్నారని తెలిసి వాళ్లతో మాట్లాడడం మానేశాడు. శిష్యులు చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. ఓ రోజు ఇంట్లో పిండి లేకపోతే అప్పు తెచ్చి రొట్టె కాల్చారు. ఇంత తొందరగా ఎలా అయిందని అడిగాడు. పక్కన పెద్దకొడుకు సాలిహ్ ఇంట్లో తందూరు వెలుగుతోంది, అందులో కాల్చామన్నారు. "తీసేయండి" అన్నాడు. రెండిళ్ల మధ్య తలుపు మూయించాడు. 855లో చనిపోయేదాకా ఆయన ఏ పదవీ తీసుకోలేదు. వాసిఖ్ కాలంలో కొందరు పండితులు తిరుగుబాటు చేద్దామని వస్తే, ఓపిక పట్టమని పంపేశాడు. తనను కొట్టించిన ముతసింను క్షమించానన్నాడు.

ఈ మనుషుల జీవితాల్లో చాలావాటిని ముద్రిత రూపంలో ప్రపంచానికి అందించిన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. హదీసు చెప్పినవాళ్ల జీవిత కోశాన్ని, ఇబ్న్ హజర్ రాసినదాన్ని, 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అక్కడ 12 సంపుటాలుగా అచ్చువేశారు. యహ్యా ఇబ్న్ మయీన్ దాన్లో ఉన్నాడు, ఇబ్న్ హంబల్ ఉన్నాడు. లొంగినవాడికీ లొంగనివాడికీ ఒకే అకారాది వరసలో చోటు దొరికింది.

ఆ తర్వాత ఏ ఖలీఫా కూడా విశ్వాసపు మాటను తానే పుట్టించి అందరి నోటా పలికించలేకపోయాడు. పండితులు ఒప్పుకున్న మాటకు పాలకుడు ముద్ర వేయడమే మిగిలింది. కానీ ఆ అధికారం చేతికొచ్చాక పండితుల వెంట ఉన్న జనం కూడా మెత్తగా ఉండలేదు. ఖురాన్ సరే, దాన్ని పలికే మన ఉచ్చారణ సృష్టేనా అన్న ఉప ప్రశ్న మీద హదీసు సంకలనకర్త బుఖారీ అంతటివాడు నిషాపూర్ వదిలి వెళ్లాల్సొచ్చింది. పదో శతాబ్దపు బాగ్దాద్‌లో తబరీ, ఇబ్న్ హంబల్‌ను న్యాయశాస్త్రవేత్తగా కాక హదీసు పండితుడిగానే లెక్కగట్టాడు. హంబలీలు ఆయన మీద సిరాబుడ్లు విసిరారనీ, ఇంటి మీద రువ్విన రాళ్లు గుమ్మం ముందు గుట్టపడ్డాయనీ కథనాలున్నాయి. 923లో ఆయన చనిపోతే, జనానికి భయపడి రాత్రిపూట ఇంట్లోనే పూడ్చిపెట్టారని కొందరు రాశారు. మామూన్ పంపిన ఉత్తరాలు, బిష్ర్ తడబడిన జవాబులు, ఇబ్న్ హంబల్ ఒక్క మాట కూడా కలపనన్న జవాబు ఇవాళ మనకు అందింది ఆ తబరీ చరిత్రలోంచే.